ప్లేట్లక్క ఉండాల్సిన చోట

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇవాళ ప్లేట్లక్క ఇంటర్వ్యూ ఎడిట్ చేశాను. పదకొండు నిమిషాలు. ఒక్క ఫ్రేము కూడా తీసేయబుద్ధి కాలేదు.

బ్యాటరీల ఫ్యాక్టరీలో సీసం ప్లేట్ల సెక్షన్‌లో ఆవిడ పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ అందరూ ప్లేట్లక్క అంటారు కాబట్టి మేమూ అదే అంటున్నాం. ఆవిడ చెప్పేది వింటుంటే ఒళ్ళు మండిపోయింది. ఏటా రక్తపరీక్ష రోజున ప్లేట్ల సెక్షన్ వాళ్ళకి సెలవిచ్చి ఇంటికి పంపేస్తారట. వాళ్ళ పేర్లు రాసిన సీసాల్లోకి ఆఫీసు గుమాస్తాల రక్తం ఎక్కించి ల్యాబ్‌కి పంపుతారట. రిపోర్టుల్లో మాత్రం అందరూ గుండ్రాయిల్లా ఉంటారు. ఇదంతా చెప్పి, ఆవిడ కుడిచెయ్యి కెమెరా ముందుకు చాపి మణికట్టు పైకెత్తబోయింది. లేవలేదు. తడిగుడ్డలా వేలాడింది. సీసం నరాలకి ఎక్కితే అంతేనట.

మార్చి 25న ఈ ఫ్యాక్టరీ మీద వేసిన విచారణ కమిటీ కూర్చుంటుంది, మా సినిమా చూస్తుంది. కంపెనీ దగ్గర రిపోర్టుల కట్టలున్నాయి. మా దగ్గర ఈ పదకొండు నిమిషాలే ఉన్నాయి. ఆ సెక్షన్‌లో ఇంకెవరూ నోరు విప్పలేదు. విప్పినందుకు ఈవిణ్ణి గేటు దగ్గర ఊడవడానికి మార్చారు. చెప్పాల్సింది చెప్పేశాను, ఇంక నాకు ఫోన్లు చెయ్యొద్దని మా డైరెక్టర్ సార్‌తో తెగేసి చెప్పిందట.

ఫిబ్రవరి 20, గురువారం

హార్డ్‌డిస్క్ సర్దాను. మా కెమెరామన్‌ని నేను లెన్సు అంటాను, ఆయనకి నచ్చదు. ఆయనిచ్చే ఫోల్డర్లు నాకు నచ్చవు. కార్డ్ ఒకటి, కార్డ్ రెండు. ఇదేమన్నా పేకాటా? అన్నీ తీసి 'ఫ్యాక్టరీ షూట్' అని ఒకే ఫోల్డర్‌లో పోశాను. పాతవి డిలీట్. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశాను. మధ్యలో కంప్యూటర్ అడ్డమైన ప్రశ్నలూ అడిగింది. అన్నిటికీ సరే అన్నాను.

నా డిస్క్‌లో చీమ కూడా దారి తప్పదు. మిగతావాళ్ళు వచ్చి నేర్చుకోవాలి.

ఫిబ్రవరి 27, గురువారం

ఫ్యాక్టరీ సినిమా పక్కన పెట్టి, అదే డిస్క్‌లో టైల్స్ కంపెనీ యాడ్ చేస్తున్నా. లోగో ఇంకా పెద్దది చెయ్యమంటాడు వాళ్ళ మేనేజరు. ఇంకా పెద్దదైతే టైల్ కనపడదన్నాను. పర్లేదన్నాడు.

మార్చి 10, సోమవారం, ఉదయం 10:15

మళ్ళీ ఫ్యాక్టరీ ప్రాజెక్ట్ తెరిచాను. టైమ్‌లైన్ మొత్తం ఎరుపు. మీడియా ఆఫ్‌లైన్. ఫోల్డర్ మార్చాను కదా, పాత దారిలో వెతుక్కుంటోంది పాపం. కొత్త ఫోల్డర్ చూపించి రీలింక్ కొడితే చాలు. కొట్టి టీ తాగొస్తా.

10:40

అన్నీ దొరికాయంది. ఎరుపు పోయింది. ప్లే చేశాను.

ప్లేట్లక్క ఉండాల్సిన చోట క్యాంటీన్ ఉంది! గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆవిడ చెయ్యెత్తాల్సిన చోట ఎవడో ముక్కు తుడుచుకుంటూ క్యూలో నిలబడ్డాడు.

మధ్యాహ్నం 1:00

కారణం తెలిసింది. లెన్సు కెమెరాలో కార్డ్ మార్చినప్పుడల్లా నంబరు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. మొదటి కార్డ్‌లో ఏడో క్లిప్ ప్లేట్లక్క. రెండో కార్డ్‌లో ఏడో క్లిప్ క్యాంటీన్. రెండిటికీ పేరు ఒకటే. సాఫ్ట్‌వేర్ పేరు చూసింది, తగిలించేసింది. దానికి మనిషీ క్యాంటీనూ ఒకటే.

మరి ప్లేట్లక్క క్లిప్పులేవి? డిస్కంతా గాలించాను. లేవు. ఒకటీ లేదు.

కిందటి నెలాఖర్లో ఈ డిస్క్ రెండు రోజులు లెన్సు దగ్గరుంది. తన షాట్లు కొన్ని కాపీ చేసుకుంటానని పట్టుకెళ్ళాడు. ఇంకేం కావాలి? ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, పక్కగది డబ్బింగ్ వాళ్ళకి కూడా వినపడేలా కడిగేశాను. నేనేం చెరపలేదు, కాపీ చేసుకుని ఇచ్చేశాను, అంతే అన్నాడు. కెమెరా నంబరు సరిచూసుకోవడం కూడా చేతకాని మనిషి చేతికి డిస్క్ ఇచ్చిన నాకు బుద్ధి లేదన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉండి ఏం లాభం, కళ్ళజోడు మార్చుకోండి అన్నాను. ఆయన ఇంకేదో అనబోతుంటే పెట్టేశాను.

రాత్రి 9:00

ఇంటికి రాగానే అత్తయ్య, ఏంటే అలా చిరచిరలాడుతున్నావ్ అంది. జరిగింది చెప్పాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అంది. ఆవిడ కొడుకు కిసుక్కున నవ్వాడు. ఇవాళ వంట మీరిద్దరూ చూసుకోండి అని తలుపేసుకున్నాను.

మార్చి 11, మంగళవారం

సార్ వచ్చాడు. బ్యాకప్ లేదా అన్నాడు. లేదు. లెన్సు దగ్గర కార్డులు? మాకిచ్చాక చెరిపేసి మళ్ళీ వాడేస్తాడు, అందరూ చేసేదే. పోనీ ఎడిట్ చేసినంతవరకు వేరే వీడియోగా తీసిపెట్టిన రఫ్ కట్? లేదు. నా ఎడిట్ నాకు పూర్తిగా నచ్చేదాకా ఎవరికీ ఇవ్వను, అది నా నియమం. ఆ నియమాన్ని పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టాలి.

ప్లేట్లక్కకి సార్ ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

అయితే ఆవిడ మాటలన్నీ నేను ముందే టైపు చేసిపెట్టాను. పొల్లు పోకుండా ఉన్నాయి. సార్ ముఖం ఆ కాగితాలు చూసి వెలిగిపోయింది. ఎవరైనా నటిని వెనక నుంచి తీద్దాం, ముఖం కనపడదు, ఈ మాటలే చెప్పిద్దాం, చూసేవాళ్ళకి తేడా ఏం తెలుస్తుంది అన్నాడు. అప్పటిదాకా అక్కడ ఒక బ్లాక్ కార్డ్ పెట్టి ఉంచమన్నాడు.

నాకు తిక్క రేగింది. కంపెనీ లాయరు లేచి ఎవరీవిడ అని ఒక్క ప్రశ్న అడిగితే సినిమా మొత్తం అబద్ధమైపోదా అన్నాను. అడిగినప్పుడు చూద్దాంలే అన్నాడు. ఈయనకి ఎప్పుడూ అంతే, ఇల్లు అంటుకున్నాక బావి తవ్వుదామంటాడు.

మార్చి 12, బుధవారం

బ్లాక్ కార్డ్ పెట్టాను. 'ఇంటర్వ్యూ, 11 నిమిషాలు' అని తెల్ల అక్షరాలు. పదకొండు నిమిషాల నలుపు.

మార్చి 13, గురువారం

లెన్సు స్వయంగా వచ్చాడు. చేతిలో చిన్న నోటుబుక్కు. నిలబడే చదివాడు. షూట్ రోజు కార్డ్ ఒకటిలో తొమ్మిది క్లిప్పులు, కార్డ్ రెండులో ఇరవై రెండు, రెండూ వేరువేరు ఫోల్డర్లలో మీకిచ్చాను, మీరు సంతకం పెట్టారు అన్నాడు. నిజమే, నా సంతకమే. ఫిబ్రవరి 24న డిస్క్ నా చేతికొచ్చేసరికి అందులో ఒకటే ఫోల్డరుంది, ఇరవై రెండే క్లిప్పులున్నాయి, అదీ రాసుకున్నాను అన్నాడు. తొమ్మిదీ ఇరవై రెండూ ఎంతండీ, చదువుకున్నవారు మీరే చెప్పండి అన్నాడు.

నోటుబుక్కులో ఎప్పుడైనా ఏదైనా రాసుకోవచ్చు అన్నాను.

ఆయన నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. తెప్పించిన టీ ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. పోతే పోనీ.

మార్చి 14, శుక్రవారం, ఉదయం 11:20

తొమ్మిదీ ఇరవై రెండూ ముప్పై ఒకటి. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. ఆయన తీసుకునేసరికే ఇరవై రెండు ఉంటే, తొమ్మిది అంతకుముందే పోయాయి. అంతకుముందు డిస్క్ నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. 'ఫ్యాక్టరీ షూట్' ఫోల్డర్ ఎప్పుడు పుట్టిందో చూశాను. ఫిబ్రవరి 20.

ఈ డైరీయే వెనక్కి తిప్పాను. ఫిబ్రవరి 20, గురువారం. నా రాతే. కంప్యూటర్ అడ్డమైన ప్రశ్నలూ అడిగిందట. అన్నిటికీ సరే అన్నానట!

అది అడిగింది అడ్డమైన ప్రశ్న కాదు. ఈ ఫోల్డర్‌లో ఇవే పేర్లతో తొమ్మిది ఫైళ్ళున్నాయి, వాటిని తీసేసి ఇవి పెట్టమంటావా అని అడిగింది. రీప్లేస్ ఆల్. అంతకన్నా మర్యాదగా, అంతకన్నా వివరంగా ఎవరూ అడగరు. నేను చదవను కూడా చదవలేదు. సర్దుతున్నాను కదా, మహా శుభ్రం కదా నాకు.

నా చెయ్యి పడిపోను అని తిట్టుకోబోయి ఆగిపోయాను. ఆవిడ చెయ్యి నిజంగానే పడిపోయింది.

మార్చి 15, శనివారం

పోయిన ఫైళ్ళు తీసిపెట్టే షాపుకి డిస్క్ పట్టుకెళ్ళాను. నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. చెరిపినా దొరికేవేనండీ, కానీ ఆ జాగాలో టైల్స్ బొమ్మలేవో వచ్చి కూర్చున్నాయి అన్నాడు షాపతను. దొరికింది ఒకే ఒక్క ఫ్రేము. అందులో కుర్చీ కాలు ఉంది.

మార్చి 17, సోమవారం

సార్‌కి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ అన్నాడు. లెన్సు మీద పడ్డ మాట ఎలాగూ పడింది, వాడికేం పోయింది, దులుపుకుంటాడు అన్నాడు. శనివారానికి నటిని మాట్లాడాను, నువ్వు ఆ బ్లాక్ కార్డ్ కొలత సరిగ్గా ఉంచు చాలు అన్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం నా గుండెల మీంచి బరువు దిగింది. అమ్మయ్య అనుకున్నాను కూడా. ఆ అమ్మయ్యని తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మార్చి 18, మంగళవారం

లెన్సు ఇంటికి వెళ్ళాను. వరండాలో ట్రైపాడ్ కాలు విప్పుకుని కూర్చున్నాడు. తప్పు నాదేనండీ, క్షమించండి అన్నాను. తల ఎత్తకుండా స్క్రూ బిగిస్తూనే, తిట్టేటప్పుడు స్పీకర్‌లో పెట్టి తిట్టారు, సారీ మాత్రం చెవిలో చెబుతున్నారే అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే నా ఫోన్ తీసి ఆఫీసుకి చేశాను. స్పీకర్‌లో పెట్టమన్నాను. డబ్బింగ్ వాళ్ళందరినీ పిలిపించి, క్లిప్పులు చెరిపింది నేను, కెమెరామన్ గారు కాదు, నేను నోరు పారేసుకున్నాను అని చెప్పాను. సార్ మధ్యలో వచ్చి ఫోన్ కట్ చేశాడు.

లెన్సు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ప్లేట్లక్కకి తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. తెలియాల్సింది ముందు ఆవిడకి కదండీ అన్నాడు.

మార్చి 19, బుధవారం

ఆవిడ షిఫ్ట్ రెండింటికి అయిపోతుంది. రెండున్నరకి వెళ్ళి తలుపు కొట్టాను. ఒక గది, ఒక వంటిల్లు. ఆవిడ ఎడమచేత్తో నీళ్ళు తెచ్చిచ్చింది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. ఫోన్ ఎత్తట్లేదని ఇంటికే పంపారా మీ సారు అంది. సార్‌కి తెలీదు, నేనే వచ్చానన్నాను.

డొంకతిరుగుడు లేకుండా చెప్పేశాను. మీరు చెప్పిందంతా పోయింది, పోగొట్టింది నేను అన్నాను. పోవడమేంటి, దాన్ని కంప్యూటర్‌లో పెట్టారుగా అంది. బీరువాలో ఒకే పేరు రాసిన మూటలు రెండుంటే, ఒకటి తీసి బయట పారేసి దాని జాగాలో ఇంకోటి పెట్టాను, చూసుకోలేదు అని చెప్పాను. అర్థమైంది ఆవిడకి. మరి అది అడగలేదా నిన్ను అంది. అడిగింది. ఏమని అడిగింది? చెప్పాను. నువ్వేమన్నావు? సరే అన్నాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే తట్టుకునేదాన్ని. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చోడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది తెలుసా అంది. వాళ్ళు నా పేరు మీద ఎవరి రక్తమో పెట్టారు, నువ్వు నా ముఖం మీద క్యాంటీన్ పెట్టావు, వాళ్ళకీ నీకూ ఏంటమ్మా తేడా అంది. వాళ్ళు కావాలని చేశారు, నువ్వు కళ్ళు మూసుకుని చేశావు, నాకు మాత్రం రెండూ ఒకటేగా అంది. ఇంక వెళ్ళు అంది.

లేచాను. ఏం మిగిలింది చెప్పడానికి? చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే వెనక నుంచి అడిగింది, మరి ఇప్పుడు నా జాగాలో ఏం పెడుతున్నారని. నటిని అన్నాను. నా మాటలే చెబుతుందా? చెబుతుంది. చెయ్యి ఎత్తలేనట్టు కూడా చేస్తుందా? నేర్పిస్తారన్నాను. అప్పుడు లేచింది ఆవిడ గొంతు. మొదటిసారి లేచింది. నా రోగం కూడా ఇంకోళ్ళే పడతారా! ఆ గోడకి వీపు ఆనించి చాలాసేపు బూతులు తిట్టింది, సార్‌ని, నన్ను, ఫ్యాక్టరీని, ల్యాబ్ వాణ్ణి, అందరినీ వరసపెట్టి. నేను గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాను. మధ్యలో ఒకటి రెండు తిట్లు నేనూ అందించాను.

అలసిపోయి కూర్చుంది. శుక్రవారం నాకు సెలవు, కెమెరా తీసుకురా అంది. అయితే ముందు నువ్వు కూర్చోవాలి అంది. కెమెరా ముందు, ఈ కుర్చీలో, నీ ముఖంతో. అది ఏం అడిగిందో, నువ్వేం నొక్కావో చెప్పాలి, దాని వెనకే నేను చెబుతాను, రెండూ కలిపే చూపించాలి అంది. ఎప్పుడు చూసినా బయటపడేది నా ఒక్కదాని ముఖమేనా అంది.

సరేనన్నాను. ఈసారి ప్రశ్న మొత్తం విని అన్నాను.

మార్చి 21, శుక్రవారం

లెన్సు పిలవగానే వచ్చాడు. వచ్చీ రాగానే కెమెరా నంబరు వరసగా నడిచేలా మార్చి, నాకు చూపించి మరీ మూత పెట్టాడు.

పదిహేనేళ్ళుగా జనం ముఖాలు కోస్తున్నాను, అతికిస్తున్నాను. లైటు ఇంత వేడిగా ఉంటుందని నాకు తెలీదు. నాలుగు టేకులు పట్టింది. మొదటి మూడిట్లో సాంకేతిక కారణాలవల్ల అని మొదలుపెట్టాను. ప్లేట్లక్క కెమెరా పక్కన నిలబడి మూడుసార్లూ కాదంది. నాలుగోసారి, నేను చదవకుండా నొక్కాను అన్నాను. ఊఁ, అదీ, అంది.

తర్వాత ఆవిడ కూర్చుంది. ఈసారి ఇరవై మూడు నిమిషాలు. పోయినసారి సూపర్‌వైజరు అనేసి వదిలేసింది, ఇవాళ పేరు చెప్పింది. ల్యాబ్ మనిషి పేరు, ఏయే గుమాస్తాలు చేతులు చాపారో వాళ్ళ పేర్లు కూడా చెప్పింది. చెయ్యి చాపింది. నెల క్రితం ఆ చూపుడువేలు కాస్త కదిలేది. ఇప్పుడు అదీ లేదు.

మూడు చోట్ల కాపీ చేశాం. ఒకటి లెన్సు దగ్గర, ఒకటి ప్లేట్లక్క బియ్యం డబ్బాలో, ఒకటి నా దగ్గర.

మార్చి 23, ఆదివారం

కొత్త ఇంటర్వ్యూ చూసి నటిని వద్దని పంపించేశాడు సార్. మంచిదే. కానీ నా నలభై సెకన్లు తీసెయ్యమంటున్నాడు. మన పరువు మనమే తీసుకున్నట్టుంటుందట. ఉండనీ, ఎవరి పరువు ఎంతుందో తెలిసిపోతుందిగా. తీస్తే మొత్తం డిస్క్ ఆవిడకి ఇచ్చేసి ఇంటికి పోతానన్నాను. సార్ నీ ఖర్మ అని తలుపు విసిరేసి పోయాడు.

మార్చి 25, మంగళవారం

చూపించాం. నా ముఖం వచ్చినప్పుడు కంపెనీ లాయరు పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు. ప్లేట్లక్క చెయ్యి చాపినప్పుడు ఛైర్మన్ సినిమా ఆపమన్నాడు. ఈవిడ ఇక్కడ ఉన్నారా అని అడిగాడు. వెనక వరసలోంచి ఆవిడ లేచి నిలబడింది.

రేపు ఉదయం తొమ్మిదింటికి, కమిటీ కళ్ళెదుట, ఆవిడ రక్తం తీస్తారు. నన్ను తోడు రమ్మంది. అక్కడ దేన్నీ ముట్టుకోవద్దంది.